హద్దులు గీసేదెవరు, చెరిపేదెవరు?

ప్రభుత్వం మన జీవితాల్లోకి ఎక్కువగా అంకెల రూపంలోనే వస్తుంది. ఇన్ని ఎకరాలకు మించి భూమి ఉండకూడదు. ఇంత ఆదాయం దాటితే స్కాలర్‌షిప్ రాదు. రిజర్వేషన్లు ఇంత శాతం మించకూడదు. బడ్జెట్‌లో దళితుల వాటా ఇంతకు తగ్గకూడదు. భూమి గురించి మాట్లాడేవాళ్లు స్కాలర్‌షిప్ గురించి మాట్లాడరు, రిజర్వేషన్ల కేసులు వేసేవాళ్లు బడ్జెట్ పుస్తకాలు తెరవరు. అందుకే ఈ అంకెలను ఎప్పుడూ విడివిడిగానే చూస్తున్నాం. వీటిని పక్కపక్కన పెట్టి చూడాలన్నదే మా ప్రయత్నం.

హద్దుల్లో రెండు రకాలున్నాయి. ఇంతకు మించకూడదు అనేది పై హద్దు. ఇంతకు తగ్గకూడదు అనేది కింది హద్దు. ఏ హద్దయినా అంకె ఎంత అని మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది. దాన్ని ఎవరు రుజువు చేసుకోవాలి, ఎవరు సడలించగలరు, దాటినవాళ్లకు ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలు వేస్తేనే మిగతా సగం బయటపడుతుంది.

భూమి: సీలింగ్ ఒకరికి, నిషేధం ఒకరికి

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి సీలింగ్ చట్టం 1961లో వచ్చింది. నేల రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చని అది చెప్పింది. అది పెద్ద రైతులను కదిలించలేదు. తర్వాత 1973లో వచ్చిన భూసంస్కరణల చట్టం దాన్ని మాగాణిలో 10 నుంచి 27 ఎకరాలకు, మెట్టలో 35 నుంచి 54 ఎకరాలకు తగ్గించింది. అమలు మొదలైంది 1975 జనవరి 1న. ఈ లెక్క ఐదుగురున్న కుటుంబానికి. అంతకు మించి ఉన్న ఒక్కొక్కరికి ఐదో వంతు చొప్పున, రెట్టింపు దాకా పెంచుకోవచ్చు. మేజరైన కొడుకుల కోసం మరికొంత కలుపుకోవచ్చు. ఎంత భూమి ఉందో డిక్లరేషన్ ఇచ్చేది యజమానే.

రెండు చట్టాల మధ్య పన్నెండేళ్లు గడిచాయి. ఆ వ్యవధిలో భూములు బంధువుల పేర్ల మీదికి, కొన్నిచోట్ల పాలేర్ల పేర్ల మీదికి కూడా ఎలా మారాయో పల్లెల్లో పెద్దలకు ఇప్పటికీ గుర్తే. హద్దు వస్తోందని ముందే తెలిసినవాడికి అది అందేలోపు సర్దుకునే తీరిక దొరికింది.

పట్టణ భూమి కథ ఇంకా చిన్నది. 1976లో పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. 1999లో పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. ఆ రద్దును మన రాష్ట్రం 2008లో స్వీకరించింది. హైదరాబాద్ చుట్టూ గజం ధర ఎగబాకుతున్న రోజుల్లోనే పట్టణ భూమి మీదున్న పై హద్దు తొలగిపోయింది.

ఇక దళితుల చేతికొచ్చిన భూమి సంగతి చూద్దాం. 1977లో చేసిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, ఆ భూమి వారసత్వంగా వస్తుంది కానీ అమ్ముకోకూడదని చెప్పింది. ఈ నిషేధం వెనక మంచి ఉద్దేశమే ఉంది. ఆసామి అప్పు కింద పేదవాడి పట్టా రాయించుకోకుండా ఆపడానికే అది పుట్టింది. కానీ అదే నిషేధం అడ్డుపెట్టుకుని, ఆ భూమికి పూర్తి విలువ లేదన్నట్టు ప్రభుత్వాలు వ్యవహరించాయి. ప్రజాప్రయోజనం పేరుతో అసైన్డ్ భూమి వెనక్కి తీసుకున్నప్పుడు, పక్కనున్న పట్టా రైతుకిచ్చే పరిహారం డి-పట్టాదారుకు ఇవ్వలేదు. మేకల పాండు కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం మార్కెట్ విలువే చెల్లించాలని తేల్చి చెప్పింది. ఆ తర్వాత కూడా, అమరావతి భూసమీకరణలో అసైన్డ్ భూములకు మొదట ప్రకటించింది పట్టా భూముల కంటే తక్కువ ప్యాకేజీయే.

ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో వాళ్ల చేతిలో ఉన్నది 9 శాతం లోపే.

చదువు: కదలని ఆదాయ పరిమితి

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్ర పథకంలో తల్లిదండ్రుల వార్షిక ఆదాయ పరిమితి 2.5 లక్షలు. ఇది 2013-14లో పెట్టిన అంకె. పదేళ్లు దాటినా కదల్లేదు. లెక్క వేసి చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ కాంట్రాక్టు పారిశుధ్య పనిలో నెలకు 12 వేల చొప్పున తెచ్చుకుంటున్నారనుకుందాం. ఏడాదికి 2 లక్షల 88 వేలు. వాళ్ల బిడ్డ హద్దు దాటినట్టే.

2019లో అగ్రవర్ణ పేదల కోసం తెచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటాలో పేదరికానికి గీత 8 లక్షలు. రెండూ ఒకే రకం పథకాలు కావు. ఒకటి డబ్బు సాయం, మరొకటి సీట్లు, ఉద్యోగాల్లో వాటా. అయినా ఒకే ప్రభుత్వం ఒక కుటుంబాన్ని 2.88 లక్షల దగ్గర సాయం అక్కర్లేనిదిగా, మరో కుటుంబాన్ని 7.9 లక్షల దగ్గర బలహీనమైనదిగా ఎలా చూడగలుగుతోందని అడగాల్సిందే. పరిమితిని సవరించడం సాధ్యం కాదా అంటే, ఓబీసీ క్రీమీలేయర్ పరిమితిని 2013లో 6 లక్షలకు, 2017లో 8 లక్షలకు పెంచారు. సవరించే దారి ఉంది. స్కాలర్‌షిప్ విషయంలో ఆ దారిన నడవలేదు.

రుజువు భారం కూడా విద్యార్థి మీదే. భూస్వామి తన డిక్లరేషన్ తానే రాసుకున్నాడు. కూలి బిడ్డ మాత్రం మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దార్ సంతకంతో ఆదాయ ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవాలి.

హద్దు డబ్బుకే కాదు, ఆలోచనకూ పెడతారు. విదేశాల్లో చదివే ఎస్సీ తదితర విద్యార్థుల కోసం ఉన్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల నుంచి 2022లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజంపై పరిశోధనాంశాలను తొలగించారు. అంటే ఈ సాయంతో విదేశానికి వెళ్లే దళిత విద్యార్థి కులం మీద పరిశోధన చేయడానికి వీల్లేదు. పరిశోధక విద్యార్థులుగా మాకు ఇది చిన్న నిబంధనగా అనిపించదు.

ఉద్యోగాలు: 50 శాతం గోడ

రిజర్వేషన్లు 50 శాతం మించకూడదన్న మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1962లో బాలాజీ కేసులో సుప్రీంకోర్టు ఆ గీత గీసింది. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు దాన్ని స్థిరపరిచింది. అప్పటి నుంచి ఏ వర్గం వాటా పెంచమన్నా ఈ గోడనే చూపిస్తున్నారు. తెలంగాణలో స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇవ్వబోయినప్పుడు అడ్డొచ్చిందీ ఇదే. ఆంధ్రప్రదేశ్ జనాభాలో ఎస్సీలు 2011 లెక్కల్లో 17.08 శాతం. తెలంగాణ ప్రభుత్వ కులసర్వే ప్రకారం అక్కడ 17.43 శాతం. రెండు రాష్ట్రాల్లోనూ కోటా 15 శాతం దగ్గరే ఉంది.

2019లో మాత్రం 103వ రాజ్యాంగ సవరణతో ఈ గోడకు బయట 10 శాతం కోటా వెలిసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దాన్ని సమర్థించింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలకు అందులో చోటు లేదు. ముప్పై ఏళ్లుగా కదలదన్న గోడ కదిలింది. కదిలింది మనకోసం కాదు.

బడ్జెట్: కింది హద్దుకు శిక్ష లేదు

పై హద్దుల సంగతి ఇలా ఉంటే, మన పేరుతో పెట్టిన కింది హద్దు సబ్‌ప్లాన్. సుదీర్ఘ పోరాటం తర్వాత 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. జనాభా నిష్పత్తికి తగ్గకుండా నిధులు కేటాయించాలని అది చెప్పింది. ఆ చట్టానికే పదేళ్ల గడువు పెట్టారు. గడువు ముగుస్తున్నప్పుడు, 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్‌తో మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది. ఖర్చుకాని డబ్బును మరుసటి ఏడాదికి కలపాలన్న నియమం అందులో ఉండటం మెరుగైన విషయం.

కానీ కేటాయించడం వేరు, ఖర్చు పెట్టడం వేరు. అందరికీ వెళ్లే పథకంలో ఎస్సీ లబ్ధిదారుల వాటా లెక్కగట్టి దాన్నే సబ్‌ప్లాన్ ఖర్చుగా చూపితే అంకె నిండుతుంది. వాడకు రోడ్డు మాత్రం రాదు. స్కాలర్‌షిప్ పరిమితి వెయ్యి రూపాయలు దాటినా విద్యార్థి నష్టపోతాడు. కింది హద్దు వందల కోట్లు తగ్గినా శాఖలో ఎవరి జీతమూ ఆగదు.

అంబేడ్కర్ ఎందుకు రాజ్యాంగంలోనే రాయమన్నారు

ఈ చిక్కును బాబాసాహెబ్ ముందే చూశారు. 1947 నాటి ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వ్యవసాయ భూమి, కీలక పరిశ్రమలు, బీమా రాజ్యం చేతిలో ఉండాలని ప్రతిపాదించారు. అంతకంటే ముఖ్యంగా, ఆ ఆర్థిక నిర్మాణాన్ని మామూలు చట్టానికి వదలకుండా రాజ్యాంగంలోనే రాయాలన్నారు. చట్టసభలో మెజారిటీ ఉన్నవాడు చట్టాన్ని ఎప్పుడైనా మార్చగలడన్నదే దాని వెనకున్న తర్కం. ఆ ప్రతిపాదన నెగ్గలేదు. సంపద కొద్దిమంది చేతిలో పోగుపడకూడదన్న మాట 39వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా మిగిలింది. ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజ వనరు కిందికి రాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పాక, ఆ సూత్రం పరిధి ఇంకా కుదించుకుపోయింది.

మనం అడగాల్సినవి

హద్దులే వద్దని మేం అనడం లేదు. నియంత్రణ లేని చోట భూమి, చదువు, ఉద్యోగం బలమున్నవాడి దగ్గరికే వెళ్తాయని మనకు తెలుసు. హద్దులు అందరికీ ఒకే రీతిలో పనిచేయాలన్నదే మా వాదన. అందుకు ఇప్పుడు అడగదగినవి నాలుగు ఉన్నాయి.

స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితిని ధరల సూచీకి ముడిపెట్టి ఏటా సవరించాలి. సబ్‌ప్లాన్ నిధులు దారి మళ్లిస్తే బాధ్యుడైన అధికారికి శిక్ష ఉండేలా చట్టాన్ని మార్చాలి. సీలింగ్ కింద తేలిన మిగులు భూమి ఎంత, పంచింది ఎంత, ఇప్పుడు ఎవరి సాగులో ఉందన్న వివరాలు గ్రామాల వారీగా బయటపెట్టాలి. 50 శాతం దాటడానికి ఒకరికి దొరికిన మినహాయింపు, జనాభా లెక్కలు చేతిలో ఉన్న వర్గాలకు ఎందుకు దొరకదో ప్రభుత్వాలు కోర్టుల్లో వాదించాలి.

రేపు ఏదైనా కొత్త పరిమితి ప్రకటిస్తే అంకె దగ్గరే ఆగకండి. రుజువు ఎవరు చేయాలి, మినహాయింపు ఎవరి చేతిలో ఉంది, ఉల్లంఘిస్తే ఎవరికి నష్టం అని అడగండి. ఆ జీవో మనకోసం రాసిందో కాదో అక్కడే తెలిసిపోతుంది.