రుద్రమదేవిని ఎవరేమన్నారు?

ముత్తుకూరు మనకు తెలిసిన ఊరే. నెల్లూరు నుంచి కృష్ణపట్నం రేవుకు పోయే వైపు ఉంటుంది. 1263 ప్రాంతంలో అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. మధుర వైపు నుంచి వచ్చిన సుందరపాండ్యుడు కాకతీయుల సైన్యాన్ని ఓడించాడు. నెల్లూరులో వీరాభిషేకం చేయించుకున్నాడు.

అప్పటికి కాకతీయ రాజు గణపతిదేవుడు ముసలివాడు. ఓరుగల్లు ఆయన రాజధాని. దాన్నే ఇప్పుడు వరంగల్ అంటున్నాం. ఆయన తన కూతురు రుద్రమకు రాజ్యం అప్పగించాడు. దెబ్బ తిన్న రాజ్యం ఆడమనిషి చేతికి వచ్చింది. ఇక చూడండి, మాటలు మొదలయ్యాయి.

తండ్రి ఆమెకు రుద్రదేవుడని మగపేరు పెట్టాడు. కొన్ని శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అనే ఉంటుంది. శాసనం అంటే రాతి మీద చెక్కిన రాత. ఆడపేరుతో ఏలితే కింది రాజులు మాట వినరని కాబోలు ఈ ఏర్పాటు. అయినా ఆడదాని ఏలుబడి మాకొద్దని కొందరు తిరగబడ్డారని చెబుతారు. ఇప్పుడు సర్పంచుగా గెలిచిన ఆడవాళ్ళను కూడా 'పని చూసేది మొగుడే' అంటారు గదా!

దేవగిరి రాజు మహదేవుడు ఆమె మీదికి యుద్ధానికి వచ్చాడు. దేవగిరి ఇప్పటి మహారాష్ట్రలో ఉంది. ఆ రాజు మంత్రి హేమాద్రి ఒక పుస్తకం రాశాడు. 'మా రాజు ఏనుగులను గుంజుకున్నాడు. రుద్రమను మాత్రం ఆడది గదా అని చంపకుండా వదిలేశాడు' అని అందులో గొప్పలు చెప్పాడు. తర్వాతి కాలంలో తెలుగులో వచ్చిన 'ప్రతాపరుద్ర చరిత్రము' దీనికి తలకిందులుగా చెబుతుంది. రుద్రమే శత్రువును దేవగిరి దాకా తరిమిందట. బోలెడు డబ్బు కట్టించుకుందట. ఇందులోనూ కొంత పెంచి చెప్పడం ఉండొచ్చు.

మరి ఎవరిని నమ్మాలి? బీదరు కోటలో రుద్రమ పేరున్న శాసనం ఒకటి దొరికింది. ఆ సీమ అంతకు ముందు దేవగిరి రాజులది. జాలిపడి వదిలేసిన మనిషి పేరు శత్రువు కోటలోకి ఎలా వచ్చింది? హేమాద్రి మాట నిలబడదు.

ఇంకొకరు ఇటలీ దేశపు మార్కోపోలో. మన కోస్తాలోని మోటుపల్లి రేవు గురించి రాశాడు. అది ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడి సన్నని బట్టలను మెచ్చుకున్నాడు. ఆ దేశాన్ని ఏలే రాణి న్యాయం తప్పనిదని, భర్త కంటే బాగా ఏలిందని రాశాడు. మెచ్చుకున్నాడు సరే. కానీ ఆమెను చనిపోయిన రాజుకు భార్య అన్నాడు! రాజ్యం మొగుడి నుంచే వచ్చి ఉంటుందని అనుకున్నాడేమో. ఆ మాట పట్టుకుని మన చరిత్రకారులు కొందరు కూడా చాలాకాలం అలాగే రాశారు.

ఆ చిక్కు విప్పింది కూడా రాళ్ళే. వెలగపూడి దగ్గర మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. అందులో రుద్రమ గణపతిదేవుడి కూతురని ఉంది. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుల వీరభద్రుడు. మల్కాపురం రాతిలో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మందడం, వెలగపూడి ఊళ్ళను ఒక గురువుకు దానమిచ్చారు. ఆ ఊళ్ళ రాబడిలో కొంత పిల్లల చదువుకు, కొంత రోగుల వైద్యానికి, కొంత కాన్పుల ఇంటికి. ప్రసూతిశాల అన్నమాట. 760 ఏళ్ళ కిందట! యుద్ధాల గురించి కొట్లాడుకున్న వాళ్ళెవరూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

రుద్రమ సుమారు 27 ఏళ్ళు ఏలింది. చివర్లో కడప వైపు ఏలిన అంబదేవుడు తిరగబడ్డాడు. అతనితో యుద్ధంలోనే ఆమె చనిపోయిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అప్పటికి ఆమె పెద్ద వయసు మనిషి. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. చనిపోయిన రుద్రమకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం రావాలని ఒక సేవకుడు భూమి దానం చేసి దాన్ని వేయించాడు. ఆ రాతి మీద 'మహారాజు' అని లేదు. రుద్రమదేవి అనే ఉంది.