స్టాండు కింది నల్లటి గుండ్రం

పసుపు ఉడకబెట్టే రోజుల్లో కమ్మర్‌పల్లిలో ఏ కల్లం చూసినా కొమ్ములే. కుప్ప పోశాక ఒక దిక్కున నిలబడితే సగం కనిపిస్తుందనుకుంటాం. నిజానికి సగానికి కాస్త తక్కువే కనిపిస్తుంది. అందుకే ఎదురెదురుగా ఇద్దరు నిలబడ్డా రెండు పక్కల సన్నటి పట్టీలు ఎవరి కంటికీ అందవు. మనిషి కన్నా ఎత్తయిన గుండ్రటి కుప్పను మొత్తం చూడాలంటే కనీసం మూడు చోట్లు కావాలి. లేజర్ స్కానర్‌తో కొలతలు తీసేవాళ్ల కష్టమంతా ఈ లెక్కతోనే మొదలవుతుంది.

ఆ యంత్రం మూడు కాళ్ల స్టాండు మీద తిరుగుతూ చుట్టూ లేజర్ కిరణాలు వదులుతుంది. వెలుగు మీటరు దూరం పోయి తిరిగి రావడానికి సుమారు 6.7 నానోసెకన్లు. ఆ సమయాన్ని పట్టుకుని దూరం కట్టి, ఒక్కో తాకిడికి ఒక్కో చుక్క పెడుతుంది. ఇప్పటి స్కానర్లలో కొన్ని సెకనుకు 20 లక్షల చుక్కలు తీస్తాయి. ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టిన ఇంజనీర్ బెన్ కసీరా, అమెరికాలో తన సంస్థ ద్వారా 1998లో 'సైరాక్స్' పేరుతో ఇలాంటి యంత్రాన్ని మార్కెట్‌లోకి తెచ్చారు. 2001లో అఫ్ఘానిస్తాన్‌లో తాలిబన్లు బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చేశారు. ఆ బాధతో ఆయన, భార్య బార్బరా కలిసి 2003లో 'సైఆర్క్' స్థాపించి, వారసత్వ కట్టడాలను చుక్కల్లో భద్రపరచడం మొదలుపెట్టారు. మన హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలోనూ ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ లేజర్ స్కానింగ్ వాడింది.

యంత్రం ఎంత గొప్పదైనా గోడ అవతలికి చూడలేదు. మరి ఎన్ని చోట్ల నిలబెట్టాలి? 1973లో విక్టర్ క్లీ అనే గణితవేత్త అడిగిన ప్రశ్న ఇలాంటిదే: వంకరటింకర గోడలున్న చిత్రశాలకు ఎందరు కాపలాదారులు కావాలి? మూలలను మూడుతో భాగిస్తే వచ్చినంత మంది చాలని 1975లో ఖ్వాతల్ అనే మరో గణితవేత్త నిరూపించాడు. 12 మూలలుంటే నలుగురు. 1978లో స్టీవ్ ఫిస్క్ ఇచ్చిన రుజువు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. గది పటాన్ని మూలల నుంచి మూలలకు గీతలతో త్రిభుజాలుగా కోయండి. ప్రతి త్రిభుజంలోనూ మూడు రంగులూ వచ్చేలా మూలలకు రంగులేయండి. అన్నిటికన్నా తక్కువసార్లు వచ్చిన రంగు మూలల్లో కాపలా పెడితే సరి, ఏ త్రిభుజమూ కన్నుదాటి పోదు.

కాగితం మీద బాగానే ఉంది. కమ్మర్‌పల్లి నుంచి ఆర్మూర్ మీదుగా డిచ్‌పల్లి రామాలయం గుట్ట ఎక్కి, స్తంభాల నడుమ నిలబడినప్పుడల్లా స్కానర్‌ను ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తాను. చదరపు స్తంభానికి నేరుగా ఎదురుగా పెడితే ఒక్క ముఖమే దొరుకుతుంది. మూలకు ఎదురుగా పెడితే రెండు. అవతలి మూల వైపు ఇంకోసారి పెడితే నాలుగూ వస్తాయి. కానీ ఈ స్తంభం వెనక మరో స్తంభం దాక్కుంటుంది, శిల్పం చేయి దాని నడుమును కప్పేస్తుంది, చూరు మీది రాయి కింద నుంచి అసలే కనిపించదు. పైగా కిరణం గోడను ఏటవాలుగా రాసుకుంటూ పోతే దాని మచ్చ సాగిపోయి కొలత మసకబారుతుంది. ఒక చోటి చుక్కలు ఇంకోచోటి చుక్కలతో అతకాలంటే రెండింటికీ కనిపించే భాగం దాదాపు మూడో వంతైనా ఉండాలి.

ఇన్ని షరతులకు లోబడి అతి తక్కువ చోట్లు ఎన్నో తేల్చడం కంప్యూటర్‌కూ భారమే. కాబట్టి ఎక్కువ భాగం కనిపించే చోటు ముందు ఎంచుకుంటారు. మిగిలిన దాంట్లో ఎక్కువ చూపేది రెండోది, అలా పోతూ ఉంటారు. అనుభవమున్న సర్వేయర్ పెట్టె తెరవకముందే ఒట్టి చేతులతో కట్టడం చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు, వంగి చూస్తాడు, పటం మీద గుర్తులు పెట్టుకుంటాడు.

దీపం కింద చీకటి అన్నట్టు, స్కానర్‌కు తన కాళ్ల కింది నేలే కనిపించదు. తెర మీద అక్కడ ఒక నల్లటి గుండ్రం మిగులుతుంది. స్టాండును రెండో గుర్తు దగ్గరికి మోసుకెళ్లి మళ్లీ తిప్పినప్పుడు ఆ గుండ్రం చుక్కలతో నిండుతుంది.