చదువుతూనే స్టైపెండు: తల్లిదండ్రులు ముందుగా అడగవలసినవి

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలను బి.బి.ఏ.లో చేర్చాలనుకుంటున్న తల్లిదండ్రులారా, ఫీజు సంగతితోపాటు మరో సంగతి కూడా విచారించండి. చదువు నడుస్తుండగానే డబ్బు చేతికొచ్చే పని ఆ కోర్సులో భాగంగా ఉందా?

రావిర్యాల ఇప్పుడు వట్టి పల్లె కాదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఊరి దగ్గరే 2016లో వండర్‌లా, 2023లో విజయ డెయిరీ కొత్త ప్లాంటు వచ్చాయి. సరుకు లెక్క చూసేవారు, బిల్లులు రాసేవారు, వచ్చినవారితో మర్యాదగా మాట్లాడేవారు ఇలాంటి చోట్ల కావాలి. వ్యాపారం చదివే పిల్లలు నేర్చుకోవలసినవీ ఇవే.

అయితే కాలేజీ ఎగ్గొట్టి ఏదో ఒక పనికి పోవడం వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు. మొదటిదానిలో హాజరు తగ్గి పరీక్ష పోతుంది, డిగ్రీ ఆగిపోతుంది. రెండవదానిలో పనికి కూడా క్రెడిట్లు వస్తాయి. డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్‌ను కలపడానికి యు.జి.సి. 2020లో మార్గదర్శకాలిచ్చింది. కనీసం ఒక సెమిస్టర్ పనిలో గడపాలి. తెలంగాణలో కొన్ని డిగ్రీ కాలేజీలు రిటైల్ బి.బి.ఏ.ను వారంలో మూడు రోజులు తరగతి, మూడు రోజులు పని అనే పద్ధతిలో పెట్టాయి.

ఇంటర్న్‌షిప్ అన్న మాట వినగానే జీతం వస్తుందనుకోకండి. ఇంటర్న్‌కు డబ్బు ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. అప్రెంటిస్‌కైతే 1961 నాటి చట్టం ఉంది. 2014 సవరణతో ఇంజనీరింగ్ కాని డిగ్రీలకూ దారి తెరిచారు. డిగ్రీవారికి నెలకు కనీసం 9,000 రూపాయలని 2019 నియమాలు చెప్పాయి. దాన్ని 12,300కు పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. చేరేనాటికి రేటు ఎంతో ఒప్పందంలో చూడండి.

ఆశతోపాటు హద్దులు కూడా తెలిసి ఉండాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడే, కార్మికుడు కాడు. గడువు అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం యజమానికి లేదు. పనిలో గాయపడితే మాత్రం నష్టపరిహారం అడిగే హక్కు ఉంది. ఈ మాట కాలేజీవారు చెప్పకపోయినా మీరు పిల్లలకు చెప్పండి.

దుకాణాల్లో ఆదివారమే రద్దీ ఎక్కువ. ఆరాధనకు వచ్చే కుటుంబాలు ఈ సంగతి చేరకముందే మాట్లాడుకోవడం మేలు. చేరిన నెల తరువాత ఇంట్లో గొడవ జరిగితే నలిగిపోయేది పిల్లవాడే. ఉదయం కాక మధ్యాహ్నం షిఫ్టు దొరుకుతుందేమో అడిగి చూడవచ్చు. అడగడంలో తప్పేమీ లేదు.

రాత్రి షిఫ్టు ఉందా, ఇంటికి ఎలా చేరాలి అన్నది ఆడపిల్లల విషయంలో మరీ ముఖ్యం. ఎయిర్‌పోర్టులో చేర్పిస్తామంటూ ముందుగా డిపాజిట్ అడిగేవారిని గుమ్మం నుంచే పంపేయండి.

ఒప్పంద పత్రాన్ని ఇంటికి తెప్పించి నిదానంగా చదవండి. పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే సంరక్షకుడిగా దానిమీద సంతకం పెట్టవలసింది మీరే.