నొప్పి ఒకచోట, వైద్యం మనిషికంతటికీ

కలకత్తా రేవులో భాగమైన ఖిదిర్‌పూర్ డాక్ 1892లో ప్రారంభమైంది. ఓడల పనిలో అక్కడికి వలసవచ్చిన చైనా వడ్రంగులకు మంచి పేరుండేది. అయినా చైనా వైద్యం ఈ నగరపు ఆధునిక వైద్యుల చేతికి అందింది వలసల వల్ల కాదు, యుద్ధం వల్ల. సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న 1938లో, జపాన్ దాడికి గురైన చైనాకు వెళ్లిన ఐదుగురు భారతీయ వైద్యులలో, 1942లో అక్కడే కన్నుమూసిన ద్వారకానాథ్ కోట్నీస్‌తోపాటు బిజయ్ కుమార్ బసు కూడా ఉన్నారు. బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి, సన్నని సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్ నేర్చుకువచ్చి, కలకత్తాలో ఆ చికిత్సకు పునాది వేశారు. 1996లో పశ్చిమ బెంగాల్ ఈ చికిత్సకు ప్రత్యేక చట్టమే చేసింది.

సంప్రదాయ చైనా వైద్యంలో రోగిని చూడడం, గొంతునూ వాసననూ గమనించడం, ప్రశ్నించడం, తాకి నాడి పట్టడం అనే నాలుగు పరీక్షలుంటాయి. నడుము నొప్పితో వచ్చిన రేవు కూలీని ఆ వైద్యుడు నిద్ర, ఆకలి, దిగులు, విరేచనం గురించి కూడా అడుగుతాడు. ఎందుకంటే ‘చీ’ అనే ప్రాణశక్తి దేహమంతటా కొన్ని మార్గాల వెంట ప్రవహిస్తుందనీ, దానికి అడ్డు తగిలిన చోట బాధ పుడుతుందనీ ఆ శాస్త్రం నమ్ముతుంది. ఈ మార్గాలు శరీర నిర్మాణ శాస్త్రానికి ఎక్కడా దొరకలేదు.

పాశ్చాత్య వైద్యం అవయవాన్ని మాత్రమే చూస్తుందన్న మాట పాతబడిన ఫిర్యాదు. రోగాన్ని దేహం, మనసు, సమాజం మూడింటిలోనూ వెదకాలని అమెరికన్ వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లోనే ప్రతిపాదించాడు. లోపమల్లా ఆ ప్రతిపాదన కిక్కిరిసిన ఓపీ గదిలో అమలు కాకపోవడమే.

దీర్ఘకాలిక నొప్పులపై జరిగిన ఆక్యుపంక్చర్ పరీక్షలలో అసలు సూదులకూ, ఉత్తుత్తి సూదులకూ మధ్య తేడా స్వల్పమే. ఏ చికిత్సా లేనివారికన్నా ఈ రెండు రకాల వారికీ ఉపశమనం ఎక్కువ. ఇది ఆక్యుపంక్చర్‌ను కొట్టిపారేసే ఫలితంగా కొందరికి తోచవచ్చు గానీ, స్పర్శకూ సమయానికీ రోగి ఆశకూ ఉన్న బలాన్ని కూడా అది సూచిస్తున్నది. అయితే నడుము నొప్పితోపాటు కాళ్లు చచ్చుబడినా, మూత్రంపై అదుపు తప్పినా అది వెన్నులో నరాలు నలిగిపోతున్న లక్షణం కావచ్చు గనుక, సూదుల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి.