చదవడం వేరు, ఒప్పజెప్పడం వేరు

నాలుగో తరగతి పిల్లవాడు తెలుగు వాచకం తెరిచి మొదటి పాఠం గడగడా చదివేస్తాడు. తల్లి మురిసిపోతుంది. అదే పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి “ఇదేంటి?” అని అడిగితే మాత్రం వాడు మళ్లీ పాఠం మొదటికి వెళ్తాడు. అక్కడి నుంచి నోటికి వచ్చినది చెప్పుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగుతాడు. వాడికి జ్ఞాపకశక్తి చక్కగా ఉంది. చదవడం మాత్రం రాలేదు. మాలాంటి ఉపాధ్యాయులకు ప్రతి జూన్ నెలలోనూ, ప్రతి తరగతిలోనూ ఇలాంటి పిల్లలు కనబడుతూనే ఉంటారు.

కంఠస్థం చేయడం గొప్ప విద్యే. మన ఇళ్లలో దానికున్న గౌరవం వేరే చెప్పనక్కరలేదు. కానీ అది ఒక విద్య, అక్షరం చూసి చదవడం ఇంకొక విద్య. తరగతిలో అందరూ కలిసి గట్టిగా పలికేటప్పుడు రెంటికీ తేడా బయటపడదు. నలభై గొంతుల మధ్య చదవలేని పిల్లవాడు కూడా పెదవులు కదుపుతూ నెట్టుకొస్తాడు. మూడో తరగతి దాటాక చిక్కు మొదలవుతుంది. అప్పటిదాకా చదవడం నేర్పిన బడి, ఆ తరువాత ‘చదివి నేర్చుకో’ అంటుంది. లెక్కల పుస్తకంలో లెక్క కూడా వాక్యంగానే ఉంటుంది. కూడికలు నోటితో టకటకా చెప్పే పిల్ల, ఆ లెక్కనే పుస్తకంలో చూసి బిక్కమొహం వేస్తుంది.

ఇది ఏదో ఒక ఊరి సంగతి కాదు. ప్రథమ్ సంస్థ గ్రామీణ భారతంలో చేసే ‘అసర్’ సర్వే 2022లో తేల్చిన లెక్క ప్రకారం, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 20.5 శాతం మాత్రమే. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ‘నిపుణ్ భారత్’ మొదలుపెట్టింది కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యంతోనే. లెక్కలు అలా ఉండగా, మన పేటల్లో జరిగేది మనకు తెలుసు. “వీడికి చదువు అబ్బలేదు” అన్న ఒక్క మాటతో అబ్బాయి మెకానిక్ షెడ్డుకో బేకరీకో వెళ్తాడు. అమ్మాయి ఇంట్లో ఉండిపోతుంది, ఆ తరువాత పెళ్లి మాటలు వస్తాయి. ఆ ఒక్క మాట అనే ముందు, చదువు ఏ అక్షరం దగ్గర ఆగిందో ఎవరైనా చూశారా అన్నదే మా ప్రశ్న.

చూడటానికి పెద్ద పరీక్షలేమీ అక్కరలేదు, పది నిమిషాలు చాలు. వర్ణమాలను వరుసగా చెప్పించకూడదు, వరుస నోటికి వచ్చేసి ఉంటుంది. కాగితం మీద అక్షరాలను చిందరవందరగా రాసి చూపించాలి. అవి గుర్తుపడితే గుణింతం లేని మాటలు ఇవ్వాలి: వల, పలక, పడవ, కడవ. ఆ తరువాత దీర్ఘం, గుడి, కొమ్ము ఉన్నవి: పాట, గిలక, గురువు. ఆ తరువాత ఒత్తులున్నవి: అమ్మ, భక్తి, చక్రం. చివరగా ఒక చిన్న వాక్యం చదివించి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పమనాలి. బిడ్డ ఎక్కడ తడబడితే అక్కడే వేలు పెట్టి ఆపండి. పాఠం అక్కడి నుంచే మొదలు కావాలి. తరగతి నాలుగా, ఆరా అన్నది అప్పుడు పక్కన పెట్టాలి.

తెలుగు లిపిలో ఒక సుఖం, ఒక కష్టం ఉన్నాయి. రాసినట్టే పలుకుతాం కాబట్టి ఒకసారి పట్టుబడితే ఏ మాటైనా చదవవచ్చు. ఇంగ్లీషులో ఆ సుఖం లేదు. కష్టమేమిటంటే, హల్లులూ గుణింతాలూ కలిపితే గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లో తేలతాయి. పైగా చాలా రూపాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ప, వ, ష, స చూడండి. ‘వ’ పక్కన కొమ్ము పెడితే ‘మ’ అయిపోతుంది కాబట్టి ‘వు’కు కొమ్ము కిందికి దిగింది. ఈ సంగతి పెద్దవాళ్లం ఎప్పుడో మరిచిపోయాం, పిల్లవాడికి మాత్రం అది రోజూ ఎదురయ్యే గండం. ‘మ’ని ‘వు’ అని చదివితే వాడు మొద్దు కాదు, జాగ్రత్తగా చూస్తున్నాడన్నమాట. త, న, మ, య, ర, ల ఒత్తులయితే అసలు అక్షరంతో పోలికే ఉండదు, విడిగా నేర్పాల్సిందే.

మన పిల్లలకు ఇంకొంచెం కలుస్తుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకాల సంచిలో ఇంగ్లీషు, సాయంత్రం మక్తబ్‌లో అరబ్బీ ఖాయిదా. కుడి నుంచి ఎడమకు చదవడం వల్ల తెలుగు చెడిపోతోందని కొందరు తోటి ఉపాధ్యాయులు అంటుంటారు. మేము ఒప్పుకోం. అక్షరాలు తారుమారు చేయడం చదువు మొదలుపెట్టిన పిల్లలందరిలోనూ ఉంటుంది, ఖాయిదా ముఖం చూడని పిల్లల్లోనూ ఉంటుంది. నిజానికి ఖాయిదా మనకు సాయం చేస్తుంది. బే మీద జబర్ పెడితే ‘బ’, కింద జేర్ పెడితే ‘బి’, పేష్ పెడితే ‘బు’. తెలుగులో తలకట్టు, గుడి, కొమ్ము చేసే పని అదే కదా! ఖాయిదాలో హిజ్జే చేయగలిగిన బిడ్డకు “ఇది తెలుగు జేర్, ఇది తెలుగు పేష్” అని చూపిస్తే ముఖం విప్పారుతుంది. జబర్, జేర్ ఏ అక్షరానికైనా ఒకే రూపంలో ఉంటాయి, తెలుగులో గుర్తు అక్షరంతో కలిసిపోయి రూపు మార్చుకుంటుంది. ఆ ఒక్క తేడా నిదానంగా చెప్పాలి. అటు ఖాయిదాలోనూ ఇటు తెలుగులోనూ ఒకే రకంగా ఆగిపోతున్న బిడ్డ ఉంటే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బడి పంతులూ మక్తబ్ హాఫిజ్ సాబూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే ఇలాంటివి ఇట్టే తెలుస్తాయి. ఒకే వీధిలో ఉండి కూడా వాళ్లు మాట్లాడుకోవడం అరుదు.

ఉర్దూ ఇంటి నుంచి వచ్చే బిడ్డ చేసే కొన్ని తప్పులు అసలు చదువు తప్పులే కావు. మనం ఇంట్లో మాట్లాడే ఉర్దూలో ళ, ణ ధ్వనులు లేవు. ‘కళ్లు’ని ‘కల్లు’ అని చదివితే తరగతంతా నవ్వుతుంది, బిడ్డ మరునాటి నుంచి నోరు విప్పదు. అలాగే ఎ–ఏ, ఒ–ఓ తేడాతో ఉర్దూలో అర్థం మారదు, తెలుగులో మారుతుంది. మెడ వేరు, మేడ వేరు. కొన వేరు, కోన వేరు. ఈ జంటలను కంటితో చూపించే ముందు చెవికి వినిపించాలి. టీచరు పలికి “ఏది చెప్పాను?” అని అడగాలి. చెవికి తేడా తెలియనిదే కన్ను పట్టుకోలేదు. ఖ, ఘ, భ లాంటివి మాత్రం మన పిల్లలే చాలాసార్లు స్పష్టంగా పలుకుతారు. ఆ సంగతి తరగతిలో అందరి ముందూ చెప్పాలి, నవ్విన పిల్లలు కూడా వినాలి.

ఇక ఏం చేయాలి? “రోజూ బాదంపప్పు నానబెట్టి పెడుతున్నాం” అని తల్లులు చెబుతుంటారు. పెట్టండి, ఒంటికి మంచిది. బాదంపప్పుతో పాటు రోజుకు ఇరవై నిమిషాలు పక్కన కూర్చోవడం కావాలి. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా రోజూ ఇరవై నిమిషాలు మేలు. వారానికి నాలుగైదు అక్షరాలకు మించి వద్దు. నేర్చిన అక్షరాలతో వెంటనే మాటలు కట్టించాలి, లేకపోతే అవి గీతలుగానే మిగిలిపోతాయి. దీర్ఘాలు నేర్పేటప్పుడు మేము ఇంటి మాటలనే తెలుగు అక్షరాల్లో రాసి ఇస్తాం: నానా, నానీ, పానీ, రోటీ. అర్థం ముందే తెలిసిన మాట కాబట్టి బిడ్డ దృష్టి మొత్తం అక్షరం మీదే ఉంటుంది. ‘రోటీ’ చదివిన బిడ్డ ‘కోటీ’, ‘తోట’ దానంతటదే చదువుతుంది.

తల్లికి చదువు రాకపోయినా ఫరవాలేదు. బిడ్డ చదివేటప్పుడు ప్రతి మాట కిందా వేలు పెట్టించి, వేలు నోటి కన్నా ముందుకు పరిగెత్తకుండా చూస్తే చాలు. నోరు ఒకటి చెబుతూ వేలు ఇంకోచోట ఉంటే అది ఒప్పజెప్పడమేనని ఏ తల్లికైనా తెలిసిపోతుంది. బస్టాండులో ఒక్క గుణింతమూ లేని ఊరి పేరు కనబడుతుంది: కడప. అక్షరాలు వచ్చిన బిడ్డ చదవగల మొదటి బోర్డు అదే. కొమ్ము వచ్చాక అనంతపురం, ఒత్తులు వచ్చాక నంద్యాల, కర్నూలు. మస్జిదులో నమాజు వేళల బోర్డు, రేషన్ డీలరు అంటించే కాగితం, బిస్కెట్ ప్యాకెట్టు, అన్నీ వాచకాలే. తప్పు చదివితే వెంటనే సరిదిద్దకండి, ఐదు లెక్కపెట్టేంతసేపు ఆగండి. చాలాసార్లు బిడ్డే దిద్దుకుంటుంది. తమ్ముడితోనో పక్కింటి అమ్మాయితోనో పోల్చడం మాత్రం పూర్తిగా మానాలి.

ఇలా నాలుగైదు నెలలు క్రమం తప్పకుండా చేసినా కదలిక లేని పిల్లలు కొందరు ఉంటారు. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ కొత్తగా కనబడుతుంది, ఒకే పంక్తిలో ఒకే మాటను మూడు రకాలుగా చదువుతారు. కథ చెబితే మాత్రం మొత్తం గ్రహిస్తారు, ప్రశ్నలు వేస్తారు, దుకాణంలో చిల్లర లెక్క తప్పరు. ముందుగా కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించాలి. అవి బాగుంటే డిస్‌లెక్సియా అనే అభ్యసన వైకల్యం కావచ్చు. దానికీ తెలివితేటలకూ సంబంధం లేదు. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనబడుతుంది. పెంపకం లోపం కాదు, దిష్టి కాదు. మందు బిళ్లలతో పోదు, ఓర్పుగా, క్రమపద్ధతిలో నేర్పితే చదువు వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. ధ్రువపత్రం సాధారణంగా ఎనిమిదేళ్లు నిండాక ఇస్తారు. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులను, జిల్లా ఆసుపత్రిలో వైద్యులను అడిగితే దారి చెబుతారు. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు ఉన్నాయి. కాకపోతే ఆ కాగితాలు పరీక్షకు ఎంతో ముందే బడికి చేరాలి. “వైకల్యం అని రాయిస్తే రేపు అమ్మాయికి సంబంధాలు రావు” అని వెనకడుగు వేసే తల్లిదండ్రుల భయం మాకు అర్థమవుతుంది. కాగితం లేకపోయినా బిడ్డకు కష్టం ఉంటుంది, కాగితం ఉంటే సాయం కూడా ఉంటుంది.

సంఘం పెద్దలకు ఒక మనవి. పదో తరగతి మార్కులు చూసి ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి, అవి కొనసాగాలి. అయితే ఐదో తరగతిలోనే బడి మానేసిన బిడ్డ ఆ దరఖాస్తు ఫారం దాకా రాదు. అస్ర్, మగ్రిబ్ నమాజుల మధ్య ఒక గది, ఒక నల్లబల్ల, ఇంటర్ చదివే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకు చిన్న గౌరవ వేతనం ఉంటే ఇరవై మంది పిల్లలకు చదవడం నేర్పవచ్చు. పిల్లల్ని తరగతి ప్రకారం కాకుండా ఆగిన చోటు ప్రకారం కూర్చోబెట్టాలి. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు ఒకవైపు, గుణింతాల దగ్గర ఆగినవాళ్లు ఒకవైపు, ఒత్తుల దగ్గర ఆగినవాళ్లు ఒకవైపు. ఆ అమ్మాయిలకు నేర్పే పద్ధతి చూపించడానికి మేము రెండు ఆదివారాలు వస్తాం. హాజరు పట్టీలో ప్రతి పేరు పక్కన నెలకోసారి రాయవలసింది ఒక్కటే: ఈ బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఆగుతోంది?