దండెం పక్కన కరెంటు వైరు

పెరట్లో ఒక లైటు ఉంటే ఎంతో సుఖం. రాత్రిపూట గేదెకు మేత వేయొచ్చు. పామో తేలో ఉంటే కంటపడుతుంది. అందుకే తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో చాలా ఇళ్ళకు బయట కూడా ఒక బల్బు ఉంటుంది. లైటు మంచిదే. దానికి వెళ్ళే వైరు సంగతే మనం చూసుకోవాలి.

ఇంట్లో వైరు నీడపట్టున ఉంటుంది. బయటి వైరు ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. కొన్నాళ్ళకు పై తొడుగు పెళుసెక్కి పగులుతుంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు ఉప్పుగాలి కూడా ఉంది. ఆ గాలికి రాగి తీగ చిలుము పడుతుంది. ఇక ధాన్యం ఉన్న ఇంట్లో ఎలుకలు సరేసరి. వైరు కొరక్కుండా ఊరుకోవు.

ఇప్పుడు దండెం సంగతి చూద్దాం. చాలామంది దండేనికి ఇనుప తీగ కడతారు. ఒక కొస చూరుకు, ఇంకో కొస గుంజకు. లైటు వైరూ ఆ గుంజ మీదుగానే పోతుంది. గాలికి రెండూ రాసుకుంటాయి. అలా రాసుకుని ఒకనాటికి వైరు తొడుగు అరిగిపోతుంది. కరెంటు దండేనికి వచ్చేస్తుంది. పైకి ఏమీ కనపడదు. బట్టలు ఆరేసేది ఎవరు? ఎక్కువగా మనమే. తడి చెయ్యి, తడి నేల, చెప్పుల్లేని కాళ్ళు. కరెంటు మన ఒంట్లోంచి నేలలోకి దిగుతుంది. ప్రాణం పోతుంది.

"ఫ్యూజు పోతుందిలే" అంటారు కొందరు. పోదు అక్కా. మనిషిని చంపడానికి చాలా కొద్ది కరెంటు చాలు. అంత కొద్దికి ఫ్యూజు కాలదు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. మనిషి కోసం వేరే పరికరం ఉంది. దాని పేరు ఆర్.సి.సి.బి. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. కరెంటు దారి తప్పి నేలకు పోతుంటే అది వెంటనే ఆపేస్తుంది. ఖర్చే, కాదనను. వీలైతే పెట్టించండి. ముందు మాత్రం ఇనుప దండెం తీసేసి నైలాను తాడు కట్టండి. అదీ వైరుకు దూరంగా.

వైరు కొనేటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి. రెండు పోగులు మెలేసిన సన్న వైరు బయటికి పనికిరాదు. లోపలి పోగులకు వేరువేరు తొడుగులుండి, అన్నిటినీ కలిపి పైన ఇంకో తొడుగు ఉన్న వైరు అడగండి. దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. 694 అనే అంకె ఉంటుంది. లైటుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు బాగా సరిపోతుంది. అక్షరాలు ఇంగ్లీషువైనా, అంకెలు మనం నేర్చుకున్నవే కదా! కొట్టువాడు చెప్పాడని ఊరుకోకుండా చదవండి.

వైరును ప్లాస్టిక్ పైపులోంచి తీసుకెళ్ళమనండి. ఎండా, ఎలుకా తగలవు. గోడలోకి దూరే ముందు వైరు కొంచెం కిందికి వంగి మళ్ళీ పైకి పోవాలి. వాన నీళ్ళు ఆ వంపులోంచి కారిపోతాయి. వంపు లేకపోతే నీళ్ళు వైరు వెంటే ఇంట్లోకి వస్తాయి. మధ్యలో అతుకు వద్దు. టేపు చుట్టిన అతుకు ఎండకు ఊడుతుంది. రేకుల అంచు మీదుగా వైరు లాగనివ్వకండి. రేకు కత్తిలా కోస్తుంది.

ఇంకోటి. స్విచ్ ఫేజు వైరుకే ఉండాలి. లేకపోతే స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. పని అయ్యాక స్విచ్ ఆపించి, టెస్టరుతో చూపించమని పనివాణ్ణి అడగండి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివాన వస్తుందంటే ముందే మెయిను ఆపండి. వాన వెలిశాక వైరు అంతా చూసి, తెగలేదని తెలిశాకే మళ్ళీ వేయండి. ఎవరికైనా షాకు కొడితే వాళ్ళను పట్టుకుని లాగవద్దు, మనకూ కొడుతుంది. ముందు మెయిను ఆపాలి. వీధిలో తీగ తెగి పడితే దగ్గరికి పోవద్దు, పిల్లల్ని పోనివ్వద్దు. 1912 నంబరుకు ఫోను చేయండి.