చాకీ తెచ్చే ముందు డబ్బాలు కూడా చూద్దాం: పంట 25 రోజుల వంటింటి లెక్క



ఈ వారం మన తిండి గురించి మాట్లాడుకుందాం. చాకీ పురుగు తెచ్చే ముందు తోటలో ఆకు ఎంతుందో చూడని రైతు మన నాగరగెరె పక్క ఎవరూ ఉండరు. బైవోల్టిన్ 100 గుడ్లు మేపాలంటే టన్ను ఆకు కావాలని అందరికీ నోటికే తెలుసు. అదే లెక్క వంటింటికి వేసే ఇళ్లు తక్కువ. ఆఖరి మేత వారంలో పప్పు అయిపోయిందని పిల్లోడిని అంగడికి తరుముతాం, ఖాతాలో రాయిస్తాం. గూళ్ల రేటు బాగుంటే ఆ ఖాతా తెలీకుండా తీరిపోతుంది. రేటు పడినా, పురుగుకు రోగం తగిలినా ఆ అప్పు వచ్చే పంటకు ఎక్కుతుంది.

రెండో జ్వరం లేచిన చాకీ ఇంటికొచ్చిన రోజు నుంచి, గూళ్లు విడిపించి శిడ్లఘట్టకో హిందూపురానికో తీసుకెళ్లి డబ్బు చూసేదాకా సుమారు 25 రోజులు. మన ఇంటి సామాను లెక్క నెలకు కాకుండా ఈ 25 రోజులకు వేసుకోవాలి. జీతగాళ్లకు ఒకటో తారీఖు ఉంటుంది, మనకు గూళ్లు అమ్మిన రోజే ఒకటో తారీఖు.

ముందు రాగులు చూద్దాం. కేజీ పిండికి సుమారు 8 ముద్దలు వస్తాయి. ఇంట్లో ఐదుగురుంటే, పిల్లలతో కలిపి రోజుకు 8 ముద్దలు అనుకోండి, 25 రోజులకు 25 కేజీలు. నాలుగో జ్వరం లేచాక ఏడు రోజులు నలుగురు కూలోళ్లు వస్తే మధ్యాహ్నం మనిషికి రెండు ముద్దల చొప్పున 56 ముద్దలు, అంటే ఇంకో 7 కేజీలు. మొత్తం 32 కేజీలు. ఇంటి రాగులే కదా, ఖర్చేముంది అనుకోవద్దు. 2025-26కు రాగులకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. ఆ లెక్కన ముద్దకు 6 రూపాయలు పడుతుంది. అయినా ఇంతకన్నా చవకగా కడుపు నిండే తిండి మనకు లేదు. పైగా 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. రేషను బియ్యం రాత్రి పూటకు సరిపెట్టుకుంటే రాగులు ఇంకా కొన్ని మిగులుతాయి.

ఆఖరి వారం కూలోళ్ల తిండి దగ్గరే డబ్బు ఎక్కువ కారిపోతుంది. పురుగు పంట మొత్తానికి తినే ఆకులో నూటికి 80 వంతులు పైనే ఆ వారంలోనే తింటుంది. ఆడోళ్లు కూడా కొమ్మ కోతలో, మేతలో ఉంటారు, పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని హోటలు నుంచి పార్సెళ్లు తెప్పిస్తాం. పార్సెలు 40 రూపాయలు అనుకుంటే నలుగురికి ఏడు రోజులకు 1,120. అదే ఇంట్లో అయితే రెండు ముద్దలకు 12, ఉలవల సారుకు, తాలింపుకు అంతా కలిపి 8. ఏడు రోజులకు 560. సగానికి సగం. కానీ ఈ మిగులు కోసం పనంతా ఇంట్లో అక్క ఒక్కదాని మీద వేస్తే అది మిగులు కాదు. ఆ వారం పొద్దున ముద్ద తొక్కే పని మగోళ్లు తీసుకోవాలి. తప్పేం లేదు, గట్టి చేయి కావాల్సిన పనే అది.

ఆ వారానికి బస్సారు లాంటి వంట మంచిది. ఉలవలో అలసందలో ఉడికేటప్పుడు ఆకుకూర వేసి, కట్టు వంచి సారు కాచుకుంటే, మిగిలిన గింజ, ఆకు తాలింపు వేస్తే పల్యం. ఒక్క ఉడుకుతో రెండు వంటలు. పొయ్యి ఉన్నవాళ్లకు ఎండిన మల్బరీ కడ్డీలు ఎలాగూ ఉంటాయి, గ్యాసు కూడా మిగులుతుంది. ఉలవలు ముందు రాత్రి నానబెట్టడం మాత్రం మరవొద్దు. ఉలవల్లో మాంసకృత్తులు నూటికి 20 పైనే, కందిపప్పుకు ఏమీ తక్కువ కాదు. కందిపప్పు కేజీ 120, ఉలవలు 70 అనుకుంటే, పంటకు కావాల్సిన 6 కేజీల గింజల్లో కందిపప్పు 2 కేజీలకే ఆపండి. 2 కేజీలు ఉలవలు, మిగతా 2 కేజీలు ఇంటి అనపగింజలు.

అనపకాయల కాలంలో, అంటే డిసెంబరు, జనవరిలో పితికిపప్పు సారు తిన్నంత తిందాం. దాంతోపాటు కొంత గింజ ఎండబెట్టి, కాస్త ఆముదం పూసి డబ్బాలో పెట్టుకుంటే పుచ్చు తక్కువ. టమాటా కూడా అంతే. 2023 జూలైలో కేజీ 100 దాటింది, వేరే ఏడు మన చింతామణి పక్కే రోడ్డు పక్కన పారబోసినారు. పడిపోయినప్పుడు కోసి ఒరుగులు పెట్టుకున్న ఇంట్లో రేటు పెరిగినప్పుడు తడుముకోనక్కర లేదు. చింతపండు ఎలాగూ ఉంది.

ఆకుకూర తోట గట్టు మీదే దొరుకుతుంది, చెంచలాకు, గురుగాకు, తోటకూర. మందు కొట్టిన తోటలో మాత్రం గడువు తీరేదాకా కోయొద్దు. పురుగుకు పెట్టని ఆకు మన పిల్లలకు పెడతామా? పురుగుల మనెలో సున్నం, విజేత పొడి చల్లిన చేతులు సబ్బుతో కడిగాకే పిండి ముట్టుకోండి. ఆ పొడి కొలిచే గ్లాసు వంటింట్లోకి రానే కూడదు.

పాల మాట ఒకటి. డైరీకి పాలన్నీ పోసేసి, వచ్చిన డబ్బులో పిల్లలకు బిస్కెట్టు ప్యాకెట్లు కొనే ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. మాకది నచ్చదు. అర లీటరు ఆపుకుంటే అందరికీ మజ్జిగ అవుతుంది, ఎండలో కొమ్మ కోసి వచ్చినవాళ్లకు కూడా.

లెక్క రాయడానికి పెద్ద పుస్తకం అక్కర్లేదు. చాకీకి ఆర్డరు చెప్పే రోజు ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఇంట్లో ఉన్నది ఎంత, 25 రోజులకు కావాల్సింది ఎంత, కొనాల్సింది ఎంత. మూడో గడిలో తేలిన సామాను పాత పంట డబ్బులోనే, చేతి రొక్కంతో ఒకేసారి తెచ్చుకోవాలి. నూనె, ఉప్పు, మిరపకాయలు, బెల్లం, కాఫీపొడి మరిచిపోయేవి ఇవే. చెనిక్కాయలు రెండు కేజీలు ఉంటే, కూర దొరకని రోజు ఊరిబిండితో పూట గడుస్తుంది. రాగులు మిల్లు పట్టించడం మూడో జ్వరంలో పురుగు పడుకున్న రోజు పెట్టుకోండి. ఆ రోజు మేత ఉండదు, మిల్లుకు పోయి రావడానికి మనిషి దొరుకుతాడు.